మేకులు కొట్టిన టికికీ

కిందటివారం పళ్ళక్క చేతిలోంచి టీ గ్లాసు జారిన చోట మనం ఆగిపోయాం. స్టీలు గ్లాసు కాబట్టి పగల్లేదు, సొట్ట పడింది. టీ మాత్రం చాపంతా పాకి పొడుగమ్మాయి కొత్త చున్నీ అంచు దాకా వెళ్ళింది. పొడుగమ్మాయి కెవ్వుమంది. పెళ్ళికూతురు ఫోను తడవకుండా పైకెత్తి పట్టుకుంది. ఫోనులో కనిపిస్తున్న పెద్దామె ఏమైందమ్మా, ఏమైందమ్మా అని అడుగుతూనే ఉంది. ఇంత గొడవలోనూ కదలకుండా కూర్చున్నది పళ్ళక్క ఒక్కతే.

ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను, మిగతావాళ్ళు కాస్త ఓపిక పట్టండి. పళ్ళక్క పళ్ళు చేస్తుంది. పళ్ళ డాక్టర్లు పంపే అచ్చుల మీద మైనంతో పన్ను చెక్కి, ఊడిపోయినదాని చోట పెట్టేది తయారుచేసే ల్యాబులో వెనక బల్ల ఆమెది. చెల్లెలి పేరు మనకి పిచ్చుక అనే తెలుసు. చిన్నపిల్లల బళ్ళో బొమ్మలు వెయ్యడం నేర్పుతుంది, నోరు మూసుకుని కూర్చుందంటే ఒంట్లో బాగోలేదని అర్థం. వచ్చే నెలలో దాని పెళ్ళి. ఈలోపల పొడుగమ్మాయితో సహా స్నేహితురాళ్ళంతా కలిసి కొండమీద ఒక చెక్క ఇల్లు అద్దెకు తీసుకుని, మగవాళ్ళ నీడ పడకుండా శని ఆదివారాలు ఆడి పాడి రావాలని దాని సరదా.

ఇల్లు ఎంచే పని అక్క నెత్తిన పడింది. అక్క చూసిన ప్రతి ఇంటికీ ఒక వంక పెట్టింది. ఒక ఇంట్లో వేడినీళ్ళ తొట్టి ఉంది గానీ అక్కడికి పోయే దారి లేదు. ఇంకో ఇంటాయన కింది వాటాలోనే ఉంటాడట, చీకటి పడ్డాక పైన ఎవరూ గట్టిగా నవ్వకూడదట. అలాంటి చోటికి పిచ్చుకని తీసుకెళ్తే కేసు పెడతాడు. మరొకటి ఫొటోల్లో రాజభవనం, ఆరా తీస్తే కోళ్ళఫారం గోడకి ఆనుకుని ఉంది. ఇంతవరకూ బాగానే ఉంది. పడగ్గది తలుపుకి లోపల గడియ లేదని ఒక ఇంటిని, కిటికీలకి ఊచలున్నాయని ఒక ఇంటిని కొట్టిపారేసినప్పుడు మాత్రం ఎవరికీ అర్థం కాలేదు. ఊచలుంటే మంచిదే కదక్కా అని పొడుగమ్మాయి అడిగితే పళ్ళక్క తర్వాతి ఇంటి ఫొటోలు తీసింది. చివరికి పిచ్చుకే ఎక్కడినుంచో పట్టుకొచ్చిన పచ్చ తలుపుల ఇల్లు ఒక్కటి మిగిలింది. ఎక్కడ దొరికిందే అంటే వెతికితే దొరికింది అంది. ఈ ఆదివారం మధ్యాహ్నం, ఆ ఇంటి బాగోగులు చూసుకునే పెద్దామె వీడియోలో గదులన్నీ తిప్పి చూపిస్తూ, "ఈ టికికీ తెరిస్తే లోయంతా కనిపిస్తుందమ్మా" అంది.

గ్లాసు జారింది అప్పుడే.

ఒక్క మాటకి అంత భయమా అంటారేమో. ఆ మాట ఎక్కడిదో ముందు వినండి. పిచ్చుకకి మాటలొచ్చే వయసులో కిటికీ అనడం రాలేదు, టికికీ అనేది. అమ్మ ముద్దుచేసి తనూ అలాగే అంది. అక్క కూడా అంది. కొన్నాళ్ళకి ఆ ఇంట్లో కిటికీ అనే మాటే లేకుండా పోయింది. జల్లు కొడుతోంది టికికీలు వెయ్యండే, టికికీలో పిల్లి కూర్చుంది తోలండే, ఇలా సాగేది వాళ్ళ సంసారం. పైవాళ్ళ ముందు మాత్రం అనేవాళ్ళు కాదు, సిగ్గు. అమ్మ పోయాక ఆ మాట పిచ్చుక నోట్లోనే మిగిలింది. అక్క ఎప్పుడో మానేసింది. పెళ్ళిచేసుకుని వెళ్ళి, ఆ పెళ్ళి వదిలేసి తిరిగొచ్చిన దగ్గర్నుంచీ పంతులమ్మలా కిటికీ, కిటికీ అని ఒత్తి పలుకుతుంది. పిచ్చుకకి అదొక అలక.

ఈ మాట తెలిసిన నాలుగో మనిషి ఒకడున్నాడు. వాడి ఊసు ఆ ఇంట్లో రాదు. ఏమైందే నీ కాపురానికి అని ఎవరడిగినా పళ్ళక్క పడలేదు అని ఒక్క ముక్క చెప్పి మైనం కరిగించుకుంటూ కూర్చునేది.

సరే, ఇక కథలోకి వద్దాం. చాప మీద టీ ఇంకా ఆరలేదు. పిచ్చుక మాత్రం గంతులేస్తోంది. విన్నావా అక్కా, మన మాట, అచ్చం మన మాట అంటూ ఫోనులో పెద్దామెని పట్టుకుని వదల్లేదు, మీ ఇంట్లో కూడా అలాగే అంటారా అని గుచ్చి గుచ్చి అడిగింది. పెద్దామె సిగ్గుపడిపోయింది. ఆమెది గుండ్రటి ముఖం, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు. మోసం తెలిసిన ముఖం కాదు.

"మా సారు అలాగే అంటారమ్మా" అంది. "ఆయన అనీ అనీ మాకూ అదే నోటికొచ్చేసింది."

లోకంలో పిల్లలు బోలెడుమంది, కిటికీని తిరగేసి పలికిన పిల్ల ఇంకోటి ఉండకూడదా అని పళ్ళక్క తనకి తనే చెప్పుకుంది. ఉండొచ్చు. ఆ సారుకి కూడా ఒక చెల్లెలో కూతురో ఉండి ఉండొచ్చు. ఇలా మనసుకి నచ్చజెప్పుకుంటూనే చాప మీదినుంచి లేచి, చెల్లెలి భుజం మీదుగా ఫోనులోకి వంగి చూసింది.

పెద్దామె మెట్లెక్కి పైగదికి తీసుకెళ్ళింది. పెళ్ళికూతురికి ఈ గదేనని సారు చెప్పారట. పసుపుపచ్చ పరదాలు, పసుపుపచ్చ దుప్పటి. పసుపుపచ్చ అంటే పిచ్చుకకి ప్రాణం, చిన్నప్పటి సైకిలు దగ్గర్నుంచీ అదే రంగు. నా మనసు తెలిసినట్టే సర్దారే అని అది మురిసిపోయింది. ఆ పరదా కొంచెం తియ్యండి అని అడిగింది.

పెద్దామె పరదా తీసింది. లోయ కనిపించింది, నిజంగానే బాగుంది. "ఇదొక్కటి మాత్రం తెరుచుకోదమ్మా" అంది పెద్దామె. "మొన్న సారే వచ్చి మేకులు కొట్టి వెళ్ళారు. పాపకి చలిగాలి తగలకూడదని."

ఫోను ఆ చెక్క మీదికి దగ్గరగా వెళ్ళింది. కొత్త మేకులు, తలలు మెరుస్తున్నాయి. రెండేసి చొప్పున జంటలుగా కొట్టి ఉన్నాయి, ప్రతి జంటలోనూ ఒకటి నిటారుగా, ఒకటి ఏటవాలుగా. రోజంతా పంటి అంచుల్ని కంటికి దగ్గర పెట్టుకుని చూసే మనిషి పళ్ళక్క. ఒక పనివాడి చెయ్యికీ ఇంకో పనివాడి చెయ్యికీ తేడా ఆమెకి తెలుస్తుంది. ఈ చెయ్యి ఆమెకి తెలుసు. ఇలాంటి జంటల్నే ఒకప్పుడు ఆమె వేళ్ళతో తడిమి చూసుకుంది.

"ఫోను ఇలా ఇయ్యవే" అంది. ఆ గొంతు తనదేనా అనిపించింది తనకే.

ఫోను పట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది. మీ సారు పేరేంటండీ అని మెల్లగా అడిగింది. పెద్దామె చెప్పింది. ఆ పేరు నేనిక్కడ రాయను. పళ్ళక్క ఇన్నేళ్ళుగా నోటితో పలకని పేరు, నా కలానికి మాత్రం అంత అవసరమేముంది. సారు ఎలాంటివారండీ అని కూడా అడిగింది, అడిగి ఏం చేద్దామనో ఆమెకే తెలీదు. దేవుడిలాంటి మనిషమ్మా, ఒక్కనాడూ గొంతెత్తి మాట్లాడ్డం చూళ్ళేదు అని పెద్దామె మనస్ఫూర్తిగా చెప్పింది. పళ్ళక్క కాల్ కట్ చేసి, గిన్నెలు కడిగే తొట్టి అంచు పట్టుకుని నిలబడింది. కుళాయి తిప్పి ముఖం మీద నీళ్ళు కొట్టుకుంది.

ముందు చేసిన పని పొడుగమ్మాయిని పంపించెయ్యడం. తలనొప్పిగా ఉందమ్మా, ఏమనుకోకు, రేపు మాట్లాడుకుందాం అంది. పొడుగమ్మాయి ఇద్దరి ముఖాలూ చూసింది. బిస్కెట్ల డబ్బాలో మిగిలినవి చున్నీలో మూటకట్టుకుని, ఇల్లు మాత్రం ఖాయం అక్కా, నేను ఇప్పటికే చలి స్వెట్టరు కొనేశాను అని చెప్పి వెళ్ళింది. ఆమె వెనకే పళ్ళక్క తలుపు గడియ వేసింది. పట్టపగలు ఆ ఇంట్లో గడియ వెయ్యడం పిచ్చుక ఎప్పుడూ చూళ్ళేదు.

ఆ ఇల్లు సంగతి కూడా చెప్పాలి. కింది వాటా, ముందు గది, వంటిల్లు, వెనక ఒక పడగ్గది. ఏ గదిలోనూ కిటికీలకి ఊచలు లేవు. ఊచలు లేని ఇల్లే కావాలి, అదీ కిందే ఉండాలి అని పళ్ళక్క నెత్తీ నోరూ కొట్టుకుని వెతికించుకుంది. లోకమంతా ఊచలున్నాయా అని అడుగుతుంటే ఈవిడేంటి ఇలా అడుగుతోంది అని ఇల్లు చూపించినాయన బుర్ర గోక్కున్నాడు. ఎండైనా వానైనా ఆ ఇంట్లో కిటికీలు మూయరు. చలికాలంలో వచ్చిన చుట్టాలు దుప్పట్లు కప్పుకుని టీ తాగుతారు.

"ఆ ఇల్లు వద్దు" అంది పళ్ళక్క.

ఎందుకు వద్దు అని పిచ్చుక అడిగింది. పళ్ళక్క వద్దు అంటే వద్దంది. అక్కణ్ణుంచి మాటా మాటా పెరిగింది. పిచ్చుకకి ముందు ఏడుపొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. తను ఏది చూపించినా వంక పెట్టడమే పనిగా పెట్టుకున్నావని, ఎవరి అక్కలైనా చెల్లెలి సరదా చూసి సంబరపడతారని, నువ్వు మాత్రం పెళ్ళి కుదిరిన దగ్గర్నుంచీ ముఖం ముడుచుకునే తిరుగుతున్నావని అంది. నిశ్చితార్థం రోజున కూడా ఒక మూల కూర్చుని అందరి పళ్ళూ చూస్తూ గడిపావంది. అది నిజమే. పళ్ళక్క ఎక్కడికెళ్ళినా పళ్ళే చూస్తుంది, అది వృత్తి. ఇంకో రోజైతే ఇద్దరూ నవ్వేసేవాళ్ళు.

పళ్ళక్క ఏదీ కాదనలేదు. కాదనకపోవడంతో పిచ్చుకకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"నీ కాపురం నిలబడలేదని నా పెళ్ళికి అడ్డం పడతావా?"

అన్నాక దానికే భయమేసింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. అక్క కొడుతుందనుకుంది, కనీసం తిడుతుందనుకుంది. పళ్ళక్క వంటింటి సొరుగు లాగి, గరిటెల అడుగున చెయ్యి పెట్టి వెతికి, ఒక చిన్న పటకారు తీసి గట్టుమీద పెట్టింది. ల్యాబులో పళ్ళకి కట్టే సన్నటి తీగ వంచడానికి వాడేది. ముక్కు ఒక పక్కకి వంకర తిరిగి ఉంది, తీగ వంచితే అంత వంకర పోదు.

"దీంతో మేకులు పీకాను" అంది.

పిచ్చుకకి అర్థం కాలేదు. ఏ మేకులు అంది.

అప్పుడు చెప్పింది పళ్ళక్క. ఇన్నేళ్ళలో మొదటిసారి. గట్టు మీది తడిని గుడ్డతో తుడుస్తూ, తుడిచిందే తుడుస్తూ, వేరే ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పింది. పెళ్ళయిన కొత్తలో ఆ ఇంటి పడగ్గది కిటికీలోంచి వీధి కనిపించేది. సాయంత్రం పని అయ్యాక అక్కడ నిలబడి పోయేవాళ్ళనీ వచ్చేవాళ్ళనీ చూడ్డం ఆమెకి ఇష్టం. ఎవర్ని చూస్తున్నావు అని వాడు నవ్వుతూ అడిగేవాడు. రోజూ అడిగేవాడు. ఒకనాడు అడగడం మానేసి మేకులూ సుత్తీ తెచ్చాడు. పుట్టింట్లో వాళ్ళు ముద్దుగా అనే మాట వాడికి భలే నచ్చింది కదా, అదే మాట అంటూ కొట్టాడు. ఇదిగో, టికికీ మూసేశాను, ఇక నీకు చలి వెయ్యదు, అని. తర్వాత తలుపుకి బయటినుంచి తాళం. ల్యాబులో మానేసిందని వాడే ఫోను చేసి చెప్పాడు. ఇంటికి ఎవరైనా వస్తే ఒంట్లో బాగోలేదు, పడుకుంది అనేవాడు.

"బావా?" అంది పిచ్చుక.

పిచ్చుకకి బావంటే సైకిలు. పసుపుపచ్చ సైకిలు కొనిపెట్టి, సీటు పట్టుకుని వెనకాలే పరిగెత్తి నేర్పిన మనిషి. హాస్టల్‌కి మిఠాయి పొట్లాలు పట్టుకొచ్చిన మనిషి. అక్క వదిలేసి వచ్చినప్పుడు దాని మనసులో తప్పంతా అక్కదే అయింది, పైకి అనలేదంతే. ఇప్పుడది తల అడ్డంగా ఊపుతోంది. బావ ఎప్పుడూ గట్టిగా మాట్లాడను కూడా మాట్లాడడు కదక్కా అంది.

"మాట్లాడడు" అంది పళ్ళక్క. "ఆ రోజూ మాట్లాడలేదు."

ఎడమచెయ్యి చాపింది. ఆ చేతి చిటికెన వేలు వంగదు. మైనం కత్తి పట్టుకున్నప్పుడు అది ఒక్కటీ విడిగా నిలబడి ఉంటుంది. ల్యాబులో అచ్చుల యంత్రం కింద నలిగిందని అందరికీ చెప్పింది, పిచ్చుకకీ అదే చెప్పింది. కాదు. ఒకసారి వాడు గదిలో ఉండగానే ఆమె మేకు కదులుతుందేమోనని కిటికీ రెక్క అంచులోకి వేళ్ళు దూర్చింది. వాడు లేచి వచ్చి, రెక్క మీద భుజం ఆనించి, మెల్లగా నొక్కాడు. మెల్లగానే. నొక్కుతూ, నీకెందుకే ఈ తిప్పలు అని జాలిపడ్డాడు. ఆ తర్వాత ఆమె చేతిసంచి అడుగున మరిచిపోయిన పటకారు బయటపడింది. వాడు స్నానానికి వెళ్ళినప్పుడల్లా, కుళాయి చప్పుడు వింటూ, ఒక్కో మేకునీ కాస్త కాస్త కదిపింది. అన్నీ వదులయ్యాక ఒక పొద్దున కుళాయి చప్పుడు మొదలవగానే దూకేసింది. కాళ్ళకి చెప్పులు కూడా లేవు.

పిచ్చుక వంటింటి నేలమీద కూర్చుండిపోయింది. నమ్మిందో లేదో దాని ముఖం చూస్తే తెలియడం లేదు. పళ్ళక్కకి అదే భయం. వాడు గుర్తుకొస్తే వేసే భయం వేరు, ఇది వేరు. ఇంతా చెప్పాక అది నమ్మకపోతే, పంతానికి ఆ ఇంటికి వెళ్తే, ఆ పసుపుపచ్చ గదిలో పడుకుంటే.

పిచ్చుక తలెత్తింది.

"అందుకేనా నువ్వు కిటికీ అనడం మొదలుపెట్టావ్?"

పళ్ళక్క తలూపింది. పిచ్చుక లేచి వచ్చి అక్క నడుం చుట్టూ చేతులు వేసి, వీపుకి ముఖం ఆనించుకుని ఏడ్చింది. నేను అన్నప్పుడల్లా నీకు ఎలా ఉండేదక్కా, ఒక్కసారి చెప్పొచ్చు కదక్కా అంటూ ఏడ్చింది. నువ్వంటే బాగానే ఉండేదిలేవే అంది పళ్ళక్క. అబద్ధమే. అయినా ఆ క్షణాన ఆమెకి గుండెల మీదినుంచి బరువు దిగినట్టే అయింది. సరే, ఆ ఇల్లు వద్దనుకుంటే పోయె. కోళ్ళఫారం పక్కదే తీసుకుందాం, కోళ్ళతో పాటు లేద్దాం అని కూడా అంది, పిచ్చుక ఏడుస్తూనే ముక్కుతో నవ్వింది.

ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

నడుం చుట్టూ ఉన్న చేతులు వదులవడం పళ్ళక్కకి తెలిసింది. వెనక్కి తిరిగి చూస్తే పిచ్చుక ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఏమైందే అని భుజాలు పట్టుకుని ఊపింది.

"ఆ ఇల్లు నేను వెతకలేదక్కా" అంది పిచ్చుక. "ఆయన ఇచ్చారు."

ఆయన అంటే పెళ్ళికొడుకు. భవనాల ప్లాన్లు గీస్తాడు. మంచివాడే, కాస్త అమాయకుడు, పళ్ళక్కని వదినగారూ అని నోరారా పిలుస్తాడు, ముందు పన్ను ఒకటి కొంచెం వంకర. ఇల్లు ఆయనది కాదట. ఆయన పనిచేసే చోట పెద్దాయన ఉన్నాడు కదా, ఈయన అన్నయ్యా అన్నయ్యా అని నెత్తిన పెట్టుకుంటాడు కదా, ఆ అన్నయ్యదట. పెళ్ళికి కానుకగా శని ఆదివారాలు వాడుకోమన్నాడట. ఎవరిదో చెప్పొద్దు, వెతికితే దొరికిందని చెప్పమను, ఆడపిల్లలు మొహమాటపడతారు అన్నాడట. పిచ్చుక పెళ్ళికొడుకు చెప్పమన్నట్టే చెప్పింది.

ఆ అన్నయ్యని ఈ ఇంట్లో ఎవరూ చూళ్ళేదు. నిశ్చితార్థానికి రావలసినవాడు ఆఖరి నిమిషంలో పనిపడిందని రాలేదు. కంపెనీ పేరు వేరే భాగస్వామిది. పెళ్ళికొడుకు నోట ఎప్పుడూ అన్నయ్య అనే మాటే తప్ప పేరు వినిపించలేదు.

పళ్ళక్క గట్టు అంచు పట్టుకుంది. మీ ఇద్దరికీ పరిచయం ఎలా అయింది, మళ్ళీ చెప్పు అంది. మొదట్నుంచీ తెలిసిన కథే, ఎన్నోసార్లు మురిపెంగా చెప్పించుకున్న కథే. పిచ్చుక పనిచేసే బడికి కొత్త గదులు కడతామంటే, కొలతలకి ఆయన వచ్చాడు. వారమంతా వచ్చాడు. బొమ్మల గదిలోనే కూర్చుని గీసుకునేవాడు.

"నిజానికి ఆ పనికి వేరేవాళ్ళు రావాలట" అంది పిచ్చుక. "అన్నయ్యే పట్టుబట్టి ఈయన్ని పంపాడట. ఆ బొమ్మల పంతులమ్మతో మాట్లాడు, మంచి పిల్ల అని చెప్పి మరీ పంపాడట. మా పెళ్ళి ఆయన చలవే అని ఈయన రోజూ అంటారు."

పళ్ళక్కకి పై ప్రాణాలు పైనే పోయాయి. ఇల్లొక్కటే అనుకుంది. ఇల్లయితే వద్దనొచ్చు, ఇంకో ఇల్లు చూసుకోవచ్చు. వచ్చే నెల పెళ్ళిని ఏ వంక పెట్టి వద్దనాలి? ఎదురుగా ఉన్నది చిటికెన వేలంత ప్రాణి, పెళ్ళికొడుకంటే పడిచచ్చే పిల్ల. పైగా ఆ అబ్బాయికి ఇందులో ఎంత తెలుసో, అసలేమైనా తెలుసో లేదో. సీటు పట్టుకుని వెనకాలే పరిగెత్తే అలవాటు ఆ అన్నయ్యకి పాతదే అని ఇప్పుడు తట్టింది ఆమెకి.

ఆయనకి ఫోను చెయ్యి అంది. అడుగుదాం, ముందు ఆయన్ని ఒక్కణ్ణీ రమ్మను, మాట్లాడదాం. పిచ్చుక ఫోను తీసుకోలేదు. కాళ్ళ కేసి చూస్తూ నిలబడింది.

"అక్కా, వాళ్ళు ఇవాళ సాయంత్రం వస్తామన్నారు. వదినగారికి అన్నయ్యని పరిచయం చేస్తాను, ముందు చెప్పకు, ఆశ్చర్యపోవాలి అన్నారు."

బయట ఎండ తగ్గింది. ఎదురింటి గోడ మీది నీడ కిటికీ గుమ్మం దాకా వచ్చింది. పళ్ళక్క పిచ్చుక చేతిలో ఫోను పెట్టింది. రావొద్దని చెప్పు, ఒంట్లో బాగోలేదని చెప్పు, ఏదో ఒకటి చెప్పు. పిచ్చుక రెండుసార్లు తప్పు నొక్కి, మూడోసారి సరిగ్గా నొక్కి చెవి దగ్గర పెట్టుకుంది.

ఫోను మోగింది. చెవి దగ్గర మోగింది. వీధి తలుపు అవతల కూడా మోగింది.

పెళ్ళికొడుకు ఫోనులో పెట్టుకున్న పాట ఇద్దరికీ తెలుసు. తలుపుకి అవతల, చెప్పులు విడిచే చోట, హాయిగా మోగుతోంది. దాని వెనకే అతని నవ్వు. ఇక్కడే ఉన్నామోయ్, తలుపు తియ్యి, ఎవరొచ్చారో చూడు అంటున్నాడు. పిచ్చుక ముందు గదిలోకి నడవడం పళ్ళక్క చూసింది, ఆపలేకపోయింది.

తలుపు దగ్గర పిచ్చుక ఆగింది. గడియ మీద చెయ్యి పెట్టింది. అవతల ఉన్నది తను చేసుకోబోయేవాడు, పక్కనున్నది తనకి సైకిలు నేర్పినవాడు. ఇవతల ఉన్నది అక్క చెప్పిన మాట, ఒక వంకర పటకారు. అది ఒక్కసారి వెనక్కి తిరిగి అక్క ఎడమచెయ్యి కేసి చూసింది.

పిచ్చుక మునివేళ్ళ మీద లేచి, ఎప్పుడూ వాడని పై గడియ కూడా లాగి వేసింది. తుప్పు పట్టిన గడియ, కిర్రుమంది.

అవతల నవ్వు ఆగిపోయింది. ఏంటది, గడియ వేస్తున్నావా, ఏమైంది అని పెళ్ళికొడుకు అయోమయంగా అడుగుతున్నాడు. పిచ్చుక తలుపుకి వీపు ఆనించి నిలబడింది. చెంపల మీద కన్నీళ్ళు కారుతున్నాయి, చప్పుడు మాత్రం చెయ్యలేదు. నమ్మిందే, నా చెల్లెలు నన్ను నమ్మిందే అని పళ్ళక్క గుండె ఒక్క క్షణం భయం మరిచిపోయింది.

అప్పుడు ఇంకో గొంతు వినిపించింది. మెత్తటి గొంతు, ఎప్పుడూ ఎత్తని గొంతు.

"పర్లేదు తమ్ముడూ" అంది ఆ గొంతు. "వచ్చేటప్పుడు చూశాను. వీళ్ళ టికికీలన్నీ తెరిచే ఉన్నాయి."